వాండాలె ఇంటి అటక మీద దుప్పటి

ఇంతకుముందు నేనెప్పుడూ ఏదీ రాయలేదు. సన్యాసినుల బడిలో నేర్చుకున్న నాలుగు ముక్కలే నా చదువు. నలుగురిలో నోరు తెరిచి చెప్పలేను, అందుకని రాస్తున్నాను. నారమిల్లులో నా పక్కన నిలబడి పనిచేసే అలీడా చెప్పిన సంగతి ఇది. ఆవిడ చెప్పినట్టే రాస్తాను.

మా ఊరి చివర, లెయె నది ఒడ్డున వాండాలె వాళ్ళ పాత ఇల్లుంది. యుద్ధంలో సగం కప్పు ఎగిరిపోతే వాళ్ళు ఊళ్ళో కొత్త ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోరు. తప్పక పోవలసివస్తే సైకిలు దిగరు, తల తిప్పరు, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటూ తొక్కేస్తారు.

ఒకటి... అక్కడి వాసన. అవిసె నారని నదిలో నానబెట్టే రోజుల్లో ఊరంతా అదే వాసన, నీళ్ళలో పీనుగు కుళ్ళుతున్నట్టు. కానీ నదిలో నానబెట్టడం మానేసి ఏళ్ళయింది. ఊళ్ళో వాసన పోయింది. ఆ ఇంటి దగ్గర మాత్రం పోలేదు.

రెండోది — దుప్పటి.

నేను చెప్పే ఏడాది చలికాలం నుంచీ, కొన్ని రాత్రుళ్ళు అటక కిటికీలోంచి తెల్ల దుప్పటి వేలాడేది. తెల్లారేసరికి ఉండేది కాదు. అది లెయోనీ దెయ్యం అన్నారు అందరూ.

లెయోనీ ఆ ఇంట్లో పనిమనిషి. యుద్ధం వచ్చినప్పుడు మన సైనికులు ఆ ఇంటి ముందు, ఒడ్డున గుంటలు తవ్వుకుని కూర్చున్నారు, నది అవతల జర్మన్లు. మా రాజు జర్మన్లకి లొంగిపోవడానికి ఇంకా మూడు రోజులుంది. అలాంటి సాయంత్రం ఎవరో అటక కిటికీకి తెల్ల దుప్పటి కట్టారు. గుంటలో కుర్రాళ్ళు అది లొంగుబాటు జెండా అనుకుని, యుద్ధం అయిపోయిందనుకున్నారు. తుపాకులు కింద పెట్టి, చేతులెత్తి లేచి నిలబడ్డారు.

అవతలివాళ్ళు కాల్చేశారు.

అందులో అలీడా తమ్ముడు ఓమెర్ ఉన్నాడు.

దుప్పటి కట్టింది లెయోనీ అని ఆ ఇంటి యజమాని, నార వ్యాపారి వాండాలె చెప్పాడు, భయపడి కట్టేసిందని. ఆ తర్వాత లెయోనీకి ఊళ్ళో ఎవరూ రొట్టె అమ్మలేదు. పాలు పొయ్యలేదు. రెండో చలికాలంలో నదిలో తేలింది. తనే దూకి చచ్చిందని చర్చి గోడకి అవతల, దీవెన లేని నేలలో పూడ్చారు.

ఇక అలీడా సంగతి.

యుద్ధం చివర్లో జర్మన్లు రాజుని పట్టుకుపోయారు; యుద్ధం ముగిసి అయిదేళ్ళయినా ఆయన ఇంకా దేశం బయటే ఉన్నాడు. యుద్ధం మొదట్లో మంత్రులంతా దేశం దాటి పోతే ఆయన మాత్రం శత్రువుకి లొంగి ఇక్కడే ఉండిపోయాడు, జనం పస్తులుంటే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొందరు ద్రోహి అన్నారు. కొందరు మన పిల్లల ప్రాణాలు కాపాడిన తండ్రి అన్నారు. ఒకే బల్ల దగ్గర కూర్చునే అన్నదమ్ములు దీని మీద మాటలు మానేశారు. ఆయన తిరిగొచ్చి సింహాసనం ఎక్కాలా వద్దా అని చివరికి ఓటు పెట్టారు. ఆదివారం ఓటు. శనివారం సాయంత్రం చర్చి పక్క హాలులో వాండాలె మీటింగు. ఊళ్ళో రాజు పక్షానికి ఆయనే పెద్ద.

మీటింగు అయ్యాక నేల కడగడం అలీడా పని. ఒలికిన బీరు, చుట్ట పీకలు, తొక్కిన కాగితాల మీద రాజు మొహం. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతుంటే వాండాలె బూట్లు కళ్ళ ముందుకొచ్చి ఆగాయి.

"అలీడా, రేపు నీ ఓటు 'అవును'కే కదా?"

"రాయి మీద మా తమ్ముడి పేరు చెక్కిస్తారా అయ్యగారూ?"

యుద్ధంలో చనిపోయినవాళ్ళ రాయి వాండాలె సొమ్ముతోనే నిలబెట్టారు. ఓమెర్ పేరు లేదు దాని మీద.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా. చేతులెత్తినవాడి పేరు వీరుల మధ్య ఎలా పెడతాం?"

"రాజుగారు కూడా ఎత్తారు కదండీ."

హాల్లో మిగిలిన నలుగురూ ఇటు తిరిగారు. తలుపు దగ్గర నిలబడ్డ కార్మిక సంఘం కుర్రాడొకడు, రాజు వద్దనేవాడు, గోల చెయ్యడానికే వచ్చినవాడు, పకపకా నవ్వాడు.

"బాగా చెప్పావక్కా. నీ తమ్ముడూ రాజూ ఒకే బాపతు. ఇద్దర్నీ కలిపి ఒక రాయి మీద చెక్కించు."

ఎవరూ వాడి నోరు మూయించలేదు. రాజుకి తగిలిన మాట దాటెయ్యడానికి వాండాలె కూడా నవ్వాడు. అలీడా చేతిలో గుడ్డ బకెట్లో పడేసింది. వీడూ వాడూ, ఇద్దరూ తన తమ్ముడి శవం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బకెట్టు అలాగే వదిలేసి సైకిలెక్కింది.

నది దారే దగ్గర.

చక్రం తిరిగినంతసేపే వెలిగే దీపం ఆ సైకిలుది. పాత ఇల్లు దగ్గరకొచ్చేసరికి... వాసన. ముక్కుకి మెడగుడ్డ అడ్డం పెట్టుకుంది. తల ఎత్తకూడదనుకుంది.

ఎత్తింది.

అటక కిటికీలోంచి తెల్లగా... పొడుగ్గా... కదులుతోంది. గాలి లేదు.

ఏ రాత్రయినా తొక్కుకుంటూ పోయేదే. ఆ రాత్రి భయం కంటే రోత ఎక్కువయింది. ఇంక దెయ్యం కూడానా, నన్ను ఏడిపించడానికి... అనుకుని బ్రేకు వేసింది.

చక్రం ఆగింది. దీపం ఆరిపోయింది.

తలుపుకి గడియ లేదు. లోపల మెట్లు తడుముకుంటూ ఎక్కింది. ప్రతి మెట్టుకీ వాసన చిక్కబడింది, నోట్లో రుచిలాగా నాలిక మీద కూర్చుంది. పైన అటక తలుపు ఓరగా ఉంది. లోపల ఊపిరి చప్పుడు.

తనది కాదు.

"లెయోనీ..." అంది అలీడా, గొంతులోంచి గాలిలాగా. "నువ్వేనా?"

కిటికీ దగ్గర నల్లటి ఆకారం ఒంగి ఉంది. చేతులు కిటికీ చట్రానికి ఏదో ముడి వేస్తున్నాయి. ఆ చేతులు ఆగాయి.

"ఎవరు... ఎవరొచ్చారు?" అంది ఆకారం. "ఎవరైనా సరే, పైకి వచ్చారా... ఇన్నాళ్ళకి?"

అలీడా ఆ గొంతు గుర్తుపట్టింది. ప్రతి ఆదివారం చర్చిలో మొదటి వరసలోంచి పాడే గొంతు.

ఓర్తాన్స్. వాండాలె పెళ్ళాం.

"అమ్మగారూ... మీరా?"

ఆవిడ నేల మీద కూలబడి అలీడా చెయ్యి పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి.

"లెయోనీ కాదు. ఆ రోజు లెయోనీ కింద నేలమాళిగలో దాక్కుని జపమాల తిప్పుతోంది. కట్టింది నేను. ఆయన కట్టించాడు."

"ఎందుకు?"

"గోదాముల నిండా నార ఉంది. కాల్పులు ఆగకపోతే తగలబడిపోతుందన్నాడు. గుంటల్లో మనవాళ్ళున్నారు కదా అంటే... నువ్వు ముందు ముడి వెయ్యి అన్నాడు."

అలీడా కిటికీలోంచి కిందకి, గుంటలుండిన చోటికి చూసింది.

"ఆ నార తర్వాత జర్మన్లకే అమ్మాడు," అంది ఓర్తాన్స్, ఇంకా మెల్లగా. "ఆయన మీటింగులు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. రాజు ప్రాణాలు కాపాడాడు, నేనూ కాపాడాను అంటాడు అందరి ముందూ. అందుకే వచ్చి ఇది కడుతున్నాను. చూసి ఎవరైనా పైకి వస్తారు, అడుగుతారు, చెప్పేస్తాను అనుకున్నాను. ఎవరూ రాలేదు. అందరూ దెయ్యమనుకుని పోయారు."

"ఇప్పుడు నేనొచ్చాను కదా. రేపు పూజ అయ్యాక చర్చి ముందు చెప్పండి."

ఓర్తాన్స్ కిటికీ వైపు తల తిప్పుకుంది.

"నేనా..." అంది ఓర్తాన్స్. "చిన్నదాని పెళ్ళి కుదిరింది అలీడా. నువ్వు చెప్పు. నా పేరు మాత్రం తేవద్దు. లెయోనీ ఆత్మ కనిపించి చెప్పిందను. నమ్ముతారు."

అలీడా చెయ్యి లాక్కుంది. జిడ్డేదో అంటుకున్నట్టు పావడాకి తుడుచుకుంది. ఊరు లెయోనీకి రొట్టె అమ్మని రోజుల్లో ఈవిడ ఇంట్లో పొయ్యి మీద ఏం ఉడికి ఉంటుందో అనిపించింది ఆమెకి.

"బతికుండగా మీ తప్పు మోసింది," అంది. "చచ్చాక మీ సాక్ష్యం కూడా ఆవిడే చెప్పాలా?"

కిటికీ దగ్గరకెళ్ళి ముడి విప్పింది. దుప్పటి లోపలికి లాగింది. మూల మీద వేళ్ళకి ఎత్తుగా తగిలింది కుట్టు. వాండాలె వాళ్ళ గుర్తు, ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు ఎర్ర అక్షరాలు. పెళ్ళికూతురిగా ఓర్తాన్స్ కుట్టుకున్నది. అదే గుర్తు వాళ్ళ గోదాముల తలుపుల మీద ఉంది, బండి మీద ఉంది, చర్చిలో వాళ్ళ కుర్చీల వీపు మీద ఉంది. ఊళ్ళో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు.

"ఈ వాసన మీకు రావట్లేదా?" అని అడిగింది మెట్లు దిగుతూ.

"ఏ వాసన?" అంది ఓర్తాన్స్ చీకట్లోంచి.

ఆ మాట విన్నాక అలీడా మిగిలిన మెట్లు రెండేసి చొప్పున దిగింది. దుప్పటి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటిదాకా తొక్కింది.

తెల్లారింది. ఆదివారం.

మా ఊళ్ళో ఆదివారం ఎవరూ బట్టలు ఆరెయ్యరు. దేవుడి రోజున తాడు మీద గుడ్డ కనిపిస్తే ఆ ఇంటి ఆడది ఏడాది పొడుగునా మాట పడుతుంది. అలీడా వాళ్ళ పెరడు చర్చికి వెళ్ళే రోడ్డు పక్కనే. ఆ పొద్దున ఓటుకి, పూజకి ఊరంతా ఆ రోడ్డునే నడవాలి.

గంటలు మోగుతుంటే ఆమె పెరట్లో తాడు కట్టింది.

"ఆదివారమే తల్లీ ఇవాళ," అంది వాళ్ళమ్మ గుమ్మంలోంచి, భయంగా. "పైగా ఉతకనే లేదు అది. ఏమిటా కంపు?"

"తెలుసమ్మా," అంది అలీడా.

ఉతకలేదు. కావాలనే. దుప్పటి విప్పి, ఎర్ర గుర్తు రోడ్డు వైపుకి తిప్పి, గాలికి ఎగరకుండా నాలుగు క్లిప్పులు పెట్టింది. మొదట వచ్చిన ఆడవాళ్ళు తప్పు పట్టడానికి ఆగారు. తర్వాత గుర్తు చూశారు. తర్వాత నది వైపు, అటక కిటికీ వైపు చూశారు. "దెయ్యం దుప్పటి మీద వాండాలె వాళ్ళ గుర్తేమిటి? మరి ఇన్నాళ్ళూ కట్టింది ఎవరు?" అంది ఒకామె. రోడ్డు నిండా జనం నిలబడిపోతే వాండాలె వాళ్ళ బండి కూడా ఆగవలసి వచ్చింది.

అలీడా చేతులు పైకెత్తింది. రెండు చేతులూ, ఓమెర్ ఎత్తినట్టే. తాడు ఒకసారి సరిగ్గా బిగించి, దించి, తలుపు దగ్గర పెట్టిన ఓటు కాగితం తీసుకుని, వాళ్ళందరి మధ్యలోంచి నడిచి వెళ్ళింది.