ఆదివారం పదింటికి ఎవరు తెరిచారు?

పొద్దున్నే తల్లి రెండు క్యారేజీలు సర్దింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఊళ్ళోని చిన్న గిరిజన కాలేజీలోనే పని చేస్తారు. ఆయన హెడ్ క్లర్కు, ఆమె కంప్యూటర్లు చూసుకుంటుంది. తండ్రి వంటింట్లోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

కాలేజీ కంప్యూటర్లకు భద్రత పెంచే ప్లాను రాయమని ప్రిన్సిపాల్ కూతురికి అప్పగించాడు. అందుకోసం నిన్న ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో చూస్తుంటే ఒక సంగతి బయటపడింది. తమ తెగ పెద్దల పాటలూ మాటలూ దాచిన రికార్డింగుల్ని ప్రతి ఆదివారం ఉదయం పదింటికి ఎవరో బయటినుంచి తెరుస్తున్నారు. కాలేజీ గడప దాటనివ్వమని పెద్దలకు మాటిచ్చిన రికార్డింగులవి. తెరిచింది నాన్న పాస్‌వర్డుతో. ఆ మాటే ఇప్పుడు ఆయన్ని అడిగింది.

“అది ఆఫీసంతా వాడతారే! క్యాలెండర్ వెనకాలే రాసుంటుంది,” అన్నాడు తండ్రి పేపర్లోంచి తలెత్తకుండా.

“ఆఫీసు వాళ్ళు కాదు నాన్నా. మనింటి ఇంటర్నెట్ నుంచి తెరిచారు.”

పేపరు కిందికి దిగింది. “అయితే నేనే తెరిచాను.”

“ఆదివారం పదింటికి నేను సంతలో ఉంటాను, నువ్వు సెలూన్లో ఉంటావు. గడ్డానికి నురగ పెట్టుకుని తెరిచావా?”

“ఇంట్లోనే పోలీసు పుట్టింది!” అని నవ్వాడు గానీ, ఆ నవ్వు నిలవలేదు.

పాటలు కావాలంటూ పోయిన నెల కాలేజీ చుట్టూ తిరిగిన బయటివాడు ఆమెకు గుర్తొచ్చాడు. అతనికి నాన్నే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

“మనింట్లోంచి తెరవమని ఎవరికిచ్చావ్ నాన్నా? ఇవాళ పెద్దలతో జరిగే మీటింగులో పేరు చెప్పాలి. చెబితే నీ ఉద్యోగం పోతుంది. దాస్తే పెద్దలు మనల్ని మళ్ళీ నమ్మరు.”

“నా పేరే చెప్పు.”

“ఆయన్నొదిలెయ్యవే,” అంది తల్లి స్టవ్ దగ్గర్నుంచి. “తెరిచింది నేను.”

కూతురు గిరుక్కున తల్లి వైపు తిరిగింది.

“పోయిన మీ అమ్మమ్మ గొంతుంది అందులో. పాట మధ్యలో ఆపేసి ‘నీళ్ళు తేవే’ అని నన్ను పిలుస్తుంది. అదొక్కటే వింటాను. పాస్‌వర్డు అడిగితే మీ నాన్న మారుమాట లేకుండా రాసిచ్చారు.”

“మీ అమ్మ ఏడుస్తుంటే చూడలేక సెలూన్లో రెండేసి గంటలు కూర్చునేవాణ్ణి,” అన్నాడాయన మెల్లగా.

ఆ రికార్డింగు చేసింది కూతురే. మధ్యలో మాట్లాడి పాట పాడుచేస్తోందని ముసలావిడ మీద విసుక్కుంది. నంబరు వేసి దాచేసింది, మళ్ళీ ఒక్కసారీ వినలేదు. ఇప్పుడు కన్నతండ్రినే దొంగగా చూసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“మీటింగుకి నువ్వూ రా అమ్మా. జరిగింది పెద్దలకి నువ్వే చెప్పు. ఆ పాస్‌వర్డు ఇవాళే తీసేస్తా. పోయినవాళ్ళ పిల్లలు వచ్చి వినడానికి కాలేజీలో ఒక గది ఇవ్వమని ప్లానులో రాస్తా.”

“ఒప్పుకోకపోతే?”

“ముగ్గురం కలిసే తిట్లు తిందాం.” క్యారేజీ అందుకుంటూ అడిగింది, “అమ్మమ్మ నా గురించి ఏమన్నా అందా అందులో?”

“అంది. చివర్లో, రికార్డింగు ఆపకుండానే నువ్వు వైర్లు సర్దుకుంటుంటే. ‘ఈ పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు, ఎవరన్నా చూడండే’ అంది.”

కూతురు తల్లి భుజం మీద వాలిపోయి వెక్కివెక్కి ఏడ్చింది.