మిషను బంగళాలో క్లారినెట్టు

ఒట్టి చేతుల్తో చిరుతను దోర్నాల దాకా తరిమినోణ్ణి నేను. గ్రామఫోను పెట్టెకు కీ తిప్పడంలో నన్ను మించినోడు మార్కాపురం తాలూకాలో అప్పటికి పుట్టలేదు. అట్లాంటి ఈ పౌలు, పందొమ్మిది వందల ముప్పై ఆరు ఎండాకాలంలో, పట్టపగలు, ఒక పాటను ఆపలేకపోయినాడు.

పాదిరి దొర ఎండాకాలం సెలవుకు కొండ ఊరికి పోతూ మిషను బంగళా నాకు అప్పగించినాడు. ఎండకు తలుపులన్నీ మూసి, వట్టివేళ్ళ తడకలు తడిపినాను. చల్లటి చీకటి. తడి వేళ్ళ వాసన. గోడ మీద దొర అపురూపంగా చూసుకునే ఫోటో... వాయిద్యాలతో అయిదుగురు అమెరికా నల్లవాళ్ళు. వాళ్ళ రికార్డు వింటే, పత్తి చేలల్లో నడుములు పోయినోళ్ళ మూలుగే పాటయినట్టు ఉంటుంది.

పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు ఊదే గిద్యోను ఆ పాట నేర్చుకుంటానని వచ్చినాడు. వెంట భార్య రూతమ్మ.

"బావ చిరుత ఈసారి ఎన్ని అడుగులు పెరిగింది?" అని నవ్వి, వరండాలో కూర్చుంది.

గిద్యోను ఫోటో మీద వేలు పెట్టినాడు. "ఈ క్లారినెట్టాయన ఎవరన్నా?"

"ఎవరైతే ఏంది? ఊదుతూ ఊదుతూ పాట సగంలోనే కుప్పకూలి చచ్చిపోయినాడంట, దొర చెప్పినాడు. మిగతాది నువ్వు ఊదు!" అన్నాను. మొనగాణ్ణి కదా మరి.

సూది పెట్టినాను. గిద్యోను అందుకున్నాడు. మూడు నిమిషాలకు రికార్డు అయిపోయింది.

గిద్యోను ఆపలేదు.

రికార్డులో లేని పాట. ఊపిరి తీసుకోకుండా... బుగ్గలు ఉబ్బినాయి. ముఖం నల్లబడింది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి... ఆపించమని.

క్లారినెట్టు పట్టుకొని లాగినాను. రాలేదు. రెండు చేతులా లాగినాను. పెదాలకు అతికించినట్టుంది. రికార్డు తీసి నేలకేసి కొట్టినాను. ముక్కలైంది...

పాట ఆగలేదు.

రూతమ్మ లోపలికి ఉరికింది. "ఆ పెట్టె ఆపు బావా! ఆయనకు ఊపిరాడటం లేదు!"

"పెట్టె ఎప్పుడో ఆగిందమ్మా..."

ఆమె మొగుడి నడుం పట్టుకొని ఏడ్చింది. నేను నిలబడి చూసినాను. అంతకన్నా ఏమీ చేతకాలేదు. పాట చివరికి వచ్చింది. అంత తీయటి ముగింపు మళ్ళీ నేను వినలేదు. గిద్యోను కూలినాడు. మళ్ళీ లేవలేదు.

సాయంత్రం శవానికి గుడ్డలు మారుస్తూ, రూతమ్మ అతని జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులో పల్చటి రెల్లు ముక్క. అది నోట్లో పెట్టుకొని ఊదే మొనకు బిగించకపోతే, ఎంతటోడు ఊదినా క్లారినెట్టు పలకదు.

"ఉన్నది ఈ ఒక్కటే బావా," అంది మెల్లగా.

క్లారినెట్టు మొన చూసినాను. ఖాళీ.

రెల్లు ముక్క తాకి చూసినాను... ఎండిపోయి, పొడిగా ఉంది.