లిఫ్టులో ఏమీ లేదు

ఇలా నా పక్కకి జరగండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి, అవెక్కడికీ పారిపోవు. లిఫ్టులు బాగుచేసే అబ్బాయికీ, కట్టుడు పళ్ళు చేసే అమ్మాయికీ ఎలా కుదిరిందో చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి సుమా. లేకపోతే ఆ లిఫ్టులాగే నేనూ సగంలో ఆగిపోతాను.

ఆ అమ్మాయి పనిచేసే ల్యాబు ఒక పాత భవనంలో నాలుగో అంతస్తు. పొద్దస్తమానం మైనంతో చిగుళ్ళు దిద్దడం, పళ్ళు పేర్చడం, అరగదీయడం. అందుకే అక్కడందరికీ ఆమె పళ్ళమ్మాయి. ఊళ్ళోవాళ్ళకి ముత్యాల్లాంటి పళ్ళు చేసిపెట్టేది గానీ, తను పళ్ళు కనబడేలా నవ్వి చాన్నాళ్ళయింది.

మెట్లెక్కినా, చలిగాలి తగిలినా, ఎవరితోనైనా మాటామాటా పెరిగినా గుండెల మీద గుండ్రాయి పెట్టినట్టు నొప్పి. దవడ దాకా లాగేది. ఆస్పత్రిలో గుండె రక్తనాళాల్లోకి రంగు పంపి ఫోటోలు తీశారు. "అన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఏమీ లేదు" అన్నారు. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆమెకి మాత్రం ఊపిరి అందలేదు. నొప్పి అలాగే ఉంది మరి! గుండె మీద చెయ్యి పెడితే చాలు, వాళ్ళమ్మ "ఏమీ లేదన్నారు కదే! అంతా నీ బెంగ" అనేది. నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ సలిపేది.

చివరికి ఇంకో డాక్టరమ్మ ఓపిగ్గా విని, మరో పరీక్ష చేయించి చెప్పింది. "పెద్ద నాళాలు బాగున్నాయమ్మా. ఆ ఫోటోలకి అందని సన్న నాళాలుంటాయి. అవసరమైనప్పుడు అవి సరిగ్గా విచ్చుకోవడం లేదు. నీ నొప్పి నిజమే." రోజూ వేసుకోవడానికి మాత్రలూ, నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకోవడానికి స్ప్రేనూ ఇచ్చింది. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రమ్మంది. పూర్తిగా పోతుందని మాత్రం అనలేదు.

ఇక ఆ భవనంలో లిఫ్టు. బుద్ధి పుడితే నడిచేది, లేకపోతే రెండు అంతస్తుల మధ్య కూర్చునేది. పళ్ళమ్మాయే కంప్లైంట్ చేసింది. ఒక వానరోజు మెకానిక్ వచ్చాడు. పైకీ కిందికీ తిరిగి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"లిఫ్టులో ఏమీ లేదండీ. బాగానే ఉంది."

"ఏమన్నారు?"

"ఏమీ లేదన్నాను. మీరే బటన్ గట్టిగా నొక్కేసుంటారు."

"నిన్న ఆగింది. మొన్నా ఆగింది. పనిలేక కంప్లైంట్ చేశామా?"

"మోటారు ఓకే, డోర్లు ఓకే. నేను చూస్తే ఏమీ లేదు మరి!"

"మీకు కనబడకపోతే లేనట్టేనా? ఇంకోసారి 'ఏమీ లేదు' అన్నారంటే, ఉన్న పళ్ళు రాలగొట్టి నేనే కొత్త సెట్టు చేసిస్తా!"

అతను పెదాలు రెండూ లోపలికి మడిచేసుకున్నాడు, పళ్ళు దాచుకున్నట్టు. అలాగే లిఫ్టెక్కి, తలూపి, తలుపు వేసుకున్నాడు. గడగడమంటూ కాస్త దిగి, లిఫ్టు ఆగింది.

పళ్ళమ్మాయి తలుపు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. "లిఫ్టులో ఏమీ లేదన్నారుగా?"

"నేనున్నానండీ!"

లోపల ఫోను పనిచెయ్యదు. పైన మెషిన్ రూములో చేత్తో చక్రం తిప్పి లిఫ్టుని కదపడం వాచ్‌మన్‌కి తెలుసట. ఆమె కిందికెళ్ళి అతనికి చెప్పింది. లోపలివాడు కంగారుపడతాడని మళ్ళీ మెట్లెక్కింది. కిటికీలోంచి వానగాలి చల్లగా కొట్టింది. పైకి చేరేసరికి గుండ్రాయి వచ్చి కూర్చుంది.

"వాచ్‌మన్ తాళాలు తీసుకుని..." అని మెట్టు మీద కూలబడింది.

"ఏమైందండీ?"

విచిత్రం చూశారా, "ఏమీ లేదు" అన్న మాట ఆమె నోటిదాకానే వచ్చింది! మింగేసింది.

"నొప్పి. గుండెల్లో. మందుంది, కొట్టుకుంటున్నా."

"నన్నేం చెయ్యమంటారు?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మాట్లాడుతూ ఉండండి, చాలు" అంది.

"మా పనిలో అన్నిటికంటే పాడు జబ్బు ఇదేనండీ. చూడ్డానికొస్తే బుద్ధిగా ఉంటుంది, వెనక్కి తిరగ్గానే ఆగుతుంది. దొంగ ఫాల్ట్ అంటాం. మీరు చెప్పినప్పుడే నమ్మాల్సింది. సారీ."

"నాదీ దొంగ ఫాల్టే" అని ఆమె మొత్తం చెప్పింది. అతను లోపలినుంచి ఊఁ కొట్టాడు, మీకంటే నయంగా. నొప్పి తగ్గింది. చక్రం తిరిగింది. తలుపు తెరుచుకుంటే, చెమటతో తడిసిన మనిషి పెదాలు లోపలికి మడుచుకునే నిలబడి ఉన్నాడు. పళ్ళమ్మాయి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

లిఫ్టులో వదులైన తీగ దొరికింది. లిఫ్టు బాగుపడింది. మెకానిక్ రాకపోకలు మాత్రం పెరిగాయి. "బాగానే ఉందిగా, మళ్ళీ ఎందుకొచ్చారు?" అంటే, "ఎందుకైనా మంచిదనీ" అనేవాడు. ఇద్దరూ నడిచి వెళ్ళేటప్పుడు ఆమె అడుగు మందగిస్తే, వంగి లేసు కట్టుకునేవాడు. ఆమె తేరుకునేదాకా లేచేవాడు కాదు. ఒకరోజు ఆమె కిందికి చూసింది కదా, అతని కాళ్ళకి ఉన్నవి చెప్పులు!

"చెప్పులకి లేసులేమిటి?"

"దొరికిపోయానా?" అన్నాడు. వాళ్ళ ప్రేమ బయటపడటం అంతే.

అతని తల్లి చూడ్డానికి వస్తానంది. పళ్ళమ్మాయి తల్లి కూతుర్ని వంటింట్లోకి లాగింది. "ఫోటోల్లో ఏమీ లేదు కదే. నోరు జారావో, చేతిదాకా వచ్చిన సంబంధం పోతుంది."

ఆమెకీ భయమే. అతను తన తల్లికి ఈ సంగతి చెప్పలేదు, అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట అన్నాడు.

కొడుకుతో కలిసి వచ్చి కూర్చుంది పెద్దావిడ. మాట్లాడుతుంటే కట్టుడు పళ్ళు టకటకమంటున్నాయి. "అమ్మాయికి ఒంట్లో ఏమైనా ఉందా వదినగారూ?"

"అబ్బే, ఏమీ లేదు! గుండ్రాయిలా ఉంటుంది."

"ఆ గుండ్రాయి నా గుండెల మీదే ఉందండీ" అంది పళ్ళమ్మాయి.

వాళ్ళమ్మ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అమ్మాయి మాత్రం ఆగకుండా చెప్పేసింది. "మెట్లెక్కితే వస్తుంది, చలికి వస్తుంది, కోపం వస్తే వస్తుంది. పోయేది కాదు. మందులు వాడుకుంటూ దానితోనే కాపురం చెయ్యాలి."

"మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు" అంది పెద్దావిడ.

అయిపోయిందనుకుంది పళ్ళమ్మాయి. పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది.

"ఏరా, లోకంలో లిఫ్టులన్నీ బాగుచేస్తావు. మోకాళ్ళు పోటు పెడుతున్నాయి, కింది ఇంటికి మారదాం అంటే ఏమన్నావు? 'ఎక్స్‌రేలో ఏమీ లేదమ్మా' అన్నావా లేదా?"

మెకానిక్ పెదాలు లోపలికి పోయాయి.

"ఇప్పుడు మారకపోతే చూడు! అమ్మాయ్, ఉన్నది ఉన్నట్టు చెప్పేదానివి నాకు కావాలి. రెండు నొప్పులూ ఒకే ఇంట్లో ఉందాం. ముందు ఈ పళ్ళు చూడవే తల్లీ, వదులయ్యాయి."

పెళ్ళయ్యాక కింది ఇంటికే మారారు. నొప్పి ఇప్పటికీ ఒక్కో పొద్దుటిపూట వస్తుంది. ఆమె కూర్చుంటుంది, మందు కొట్టుకుంటుంది. కూతుర్ని చూడ్డానికొచ్చినప్పుడు వాళ్ళమ్మ ఇప్పుడు 'ఏమీ లేదు' అనదు, కుర్చీ జరుపుతుంది. అతను పక్కనే చేరి అంటాడు, "నేనున్నా."

ఇదర్రా సంగతి. మీరూ నలుగురికీ చెప్పండి. ఎవరైనా నొప్పి అంటే, ఏమీ లేదనబోయే ముందు ఆ లిఫ్టుని గుర్తు తెచ్చుకోండి. ఏది మర్చిపోయినా ఫరవాలేదు గానీ, ఆ చెప్పుల లేసు మాట మాత్రం వదలకండి.