తీగ కొసన సుడి

పొద్దున్నే చెత్తబుట్ట బయట పెట్టబోయి నానమ్మ అక్కడే ఆగిపోయింది. టీ పిప్పికీ గుడ్డు పెంకులకీ మధ్య గిటారు తీగలు చుట్టగా పడి ఉన్నాయి. తుప్పు పట్టి నల్లబడ్డాయి. అయినా చూడగానే పోల్చుకుంది. కొడుకు ఆఖరుసారి వాయించిన తీగలవి.

బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే ఏరింది. కుళాయి కింద కడిగి తువ్వాలు మీద పరిచింది.

"పిడుగూ! ఇలా రా ఒకసారి."

పిడుగు ఆమె మనవరాలు. మనిషి పెద్దదైనా ముద్దుపేరు వదల్లేదు. నోట్లో బ్రష్షుతోనే వంటగదిలోకి వచ్చింది.

"ఏంటి నానమ్మా?"

"నువ్వే చెప్పు, ఇవేంటో."

"పాత తీగలు. రాత్రి మార్చేశాను. సాయంత్రం వాయించాలి కదా, తుప్పు పట్టినవైతే మధ్యలో తెగుతాయి."

"మీ నాన్న చేత్తో వేసుకున్నవే అవి! గుడ్డు పెంకుల్లో పారేస్తావా?"

పిడుగు ముఖం చిన్నబోయింది. నోరు కడుక్కుని వచ్చి మెల్లగా అంది. "దాచాల్సింది. తప్పే. కానీ నాన్న గిటారు వాయించడానికా, నువ్వు రోజూ తుడిచి పెట్టుకోవడానికా?"

నానమ్మ తువ్వాలు మీది తీగలు తుడవసాగింది. ఒకప్పుడు ఆ గిటారు మోగితే అటక మీద గిన్నెలు ఒకదానితో ఒకటి పోట్లాడుకునేవి. "కాస్త తగ్గించరా, కప్పు లేచిపోతుంది" అని ఆమె కేకేసేది. వాడు నవ్వి ఇంకొంచెం పెంచేవాడు. రేడియోల్లో, టీ కొట్లలో, కుర్రకారు చెవుల్లో వాడి పాటే మోగిన రోజుల్లో కూడా ఆమె ఒక్క కచేరీకి వెళ్లలేదు. ఆ జనం, ఆ హోరు అంటే ఆమెకి భయం. రెండేళ్ల కిందట ఎక్కడో దూరపు ఊళ్లో వాయించి వస్తూ, దారిలోనే గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి ఆ ఇల్లు తగ్గించమనే పని లేకుండా నిశ్శబ్దంగా ఉంది.

ఈ సాయంత్రం వాడి పేరు మీద పెద్ద హాల్లో కచేరీ. తండ్రి గిటారుతో పిడుగు వాయిస్తుంది. అది కాదు నానమ్మ భయం. రేపటి నుంచి తండ్రి బృందంతోనే ఊళ్లు తిరగడానికి పిల్ల ఒప్పుకుంది.

కళ్లద్దాల షాపులో పని చేసే కోడలు చేతిసంచీ వెతుక్కుంటూ అటే వచ్చింది.

"దాన్నేం అనకండి అత్తయ్యా. వెళ్లమని చెప్పింది నేనే."

"ఒకణ్ణి పంపింది చాలలేదా మనకి?" అంది నానమ్మ. "వెళ్లేవాడు వెళ్లాడు. నాదంటూ ఒక్క గుర్తయినా తీసుకెళ్లాడా? నేను అల్లిన స్వెట్టరు కూడా ఇక్కడే వదిలేసి పోయాడు!"

"మీరొక్కరే పంపారా? నేను పంపలేదా?" కోడలి గొంతు మొదటిసారి పెరిగింది. "ఆయన్ని గడప దగ్గర ఆపి ఉంటే, ఆయన ఆయనే కాకుండా పోయేవాడు. దీన్ని ఆపినా అంతే. నాకు భయం లేదనుకుంటున్నారా?"

పిడుగు గిటారును పెట్టెలో పెడుతోంది. గిటారు తల దగ్గర కొత్త తీగల కొసలు ముళ్లలా పొడుచుకు వచ్చి ఉన్నాయి. నానమ్మ కళ్లు వాటి మీదే నిలిచాయి.

"వెళ్తున్నా" అంది పిడుగు. వస్తాననలేదు. తలుపు పడింది.

నానమ్మ తన పని పీట దగ్గర కూర్చుంది. వయసంతా ఆమె సన్నటి తీగకి పూసలు గుచ్చి దండలు చేసింది. తీగ కొసను కత్తిరించి వదిలేస్తే మెడకు గుచ్చుకుంటుంది. అందుకని పట్టకారుతో తిప్పి చిన్న సుడి చుట్టాలి. పిడుగు పసిపిల్లగా ఉన్నప్పుడు తండ్రి గిటారు తీగ గుచ్చుకుని చెంప చీరుకుపోయింది. ఆ రోజు నుంచి కొడుకు ఇంట్లో ఎప్పుడు తీగలు మార్చినా, ప్రతి కొసనూ ఆమే సుడి చుట్టేది. "నా గిటారుకి దండ గుచ్చుతున్నావేంటమ్మా!" అని వాడు ఏడిపించేవాడు.

ఆమె లేచి పట్టకారూ, కడిగిన పాత తీగలూ సంచిలో వేసుకుంది. సాయంత్రం షాపుకి వెళ్లి కోడలి ఎదుట నిలబడింది.

"నన్నూ తీసుకెళ్లవే. కొసలు దాని చెయ్యి గీరేస్తాయి."

కోడలు చేతిసంచీ తగిలించుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకుంది.

హాలు వెనక గదిలో కుర్రాళ్లు, అమ్మాయిలు గిటార్లు శ్రుతి చేసుకుంటున్నారు. నానమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏ గిటారు తల చూసినా తీగల కొసన గుండ్రంగా మెరుస్తూ సుళ్లే. తను చుట్టినట్టే, ఒకటిన్నర చుట్టు.

"ఇదేంటి బాబూ?" అని పక్కనున్న జులపాల కుర్రాణ్ణి అడిగింది.

"సుడండీ. మా గురువుగారి గుర్తు. ఇది ఉంటేనే ఆ శబ్దం వస్తుంది. తీగ వణుకు బయటికి పోకుండా ఆపుతుందట."

"నీ మొహం" అని వెనక నుంచి ఎవరో నవ్వారు. కొడుకుతో మొదటి రోజు నుంచీ డ్రమ్స్ వాయించిన స్నేహితుడు. "అమ్మా! మీరు... ఇక్కడ!"

ఆమె సంచిలోంచి పాత తీగలు తీసింది. వాటి కొసలకీ అవే సుళ్లు. ఆ మాట అప్పుడే తట్టింది. "బాబూ, ఈ తీగలు వాడు ఆ దూరపు ఊళ్లో కదా వేసుకుంది? నేను చుట్టలేదే. మరి వీటికి సుడి ఎవరు చుట్టారు?"

"ఇంకెవరమ్మా, వాడే. ఏ ఊళ్లో తీగలు మార్చినా ముందు పట్టకారు తీసేవాడు. అవతల జనం ఈలలు వేస్తుంటే, కత్తిరించి పారెయ్యరా అని నేను మొత్తుకునేవాణ్ణి. 'మా అమ్మ ఊరుకోదురా' అనేవాడు. అది చూసి వీళ్లందరూ పట్టుకున్నారు."

నానమ్మ చుట్టూ చూసింది. గదిలో ఆ సుళ్లన్నీ కన్నీళ్లలో పెద్దవై కనిపించాయి. వాడు ఏమీ తీసుకెళ్లలేదని ఇన్నాళ్లూ అనుకుంది. ప్రతి ఊరికీ తీసుకెళ్లాడు. ముక్కూ మొహం తెలియని పిల్లల చేతుల్లో కూడా పెట్టి వెళ్లాడు.

మూలన పిడుగు గిటారు ఒళ్లో పెట్టుకుని తీగ కొసతో కుస్తీ పడుతోంది. వేలి మీద రక్తపు చుక్క.

"నాకు రావట్లేదు నానమ్మా" అంది తలెత్తి. కళ్లనిండా నీళ్లు. "పొద్దున్న నేను..."

"ఊరుకో. ఇటు తే."

నానమ్మ పట్టకారు తీసింది. ఒక్కో కొసనూ సుడి చుట్టుకుంటూ వచ్చింది. చివరి కొస దగ్గర ఆగి, పట్టకారు మనవరాలి చేతిలో పెట్టింది. "ఇది నువ్వు చుట్టు. రేపు ఆ ఊళ్లలో నేనుండను కదా."

పిడుగు చుట్టింది. కాస్త అటూ ఇటూ అయింది గానీ, నిలిచింది. జులపాల కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. "మామ్మగారూ, గురువుగారి సుడి మీకెలా వచ్చు?"

"వాడికి నేర్పింది నేనే" అంది నానమ్మ, తల ఎత్తి.

వేదిక మీద నుంచి పిలుపు వచ్చింది. పిడుగు గిటారు తగిలించుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వెళ్లొస్తా నానమ్మా."

జాగ్రత్త అనబోయి నానమ్మ ఆ మాట మింగేసింది.

"వెళ్లిరా తల్లీ. తగ్గించకు. కప్పు లేచిపోవాలి."