పడవలో కాపీ

ఆ కాలానికి ఏలూరులో బస్సులు లేవు. రోడ్లన్నీ చెట్లకి వదిలేశారు. కాలువల మీద సౌరశక్తితో నడిచే పడవలే పిల్లల్ని బడికి చేర్చేవి, సాయంత్రం ఇంటి రేవులో దించేవి. కూర తరగడానికీ బట్టలు మడత పెట్టడానికీ కూడా మరలు వచ్చేశాయి. ఇన్ని మారినా ఒక్కటి మాత్రం మారలేదు. పదిహేనేళ్ల పిల్లాణ్ణి "ఏమైందిరా" అని అడిగితే, "ఏం లేదు" అనే జవాబే వచ్చేది.

ఆ "ఏం లేదు" వెనక ఏముందో పిల్లలే తెలుసుకోవాలని డాక్టర్ వకుళ మనసుపట్టీని కనిపెట్టింది. శాస్త్రజ్ఞులు దాన్ని ఎమోషన్ బ్యాండ్ అనేవారు. మణికట్టుకి చుట్టుకునే పలచటి పట్టీ అది. గుండె లయ, చర్మం మీది తడి, గొంతులో వణుకు, ఊపిరి తీరు అన్నీ లెక్కగట్టి లోపలి భావాన్ని పోల్చుకుంటుంది. కోపం, దుఃఖం లాంటి మోటు పేర్లతో సరిపెట్టుకోదు. కోపానికీ ఉక్రోషానికీ, భయానికీ బెంగకీ తేడా దానికి తెలుసు.

అయితే పోల్చుకున్నది పైకి చెప్పదు. వకుళ తెలివంతా అక్కడే ఉంది. తొమ్మిదో తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒక జంట ఉంటుంది. రోజుకో పీరియడ్‌లో గంట మోగుతుంది. మోగగానే తన జంట మనసులో ఏముందో ముఖం చూసి, కూర్చున్న తీరు చూసి కనిపెట్టి రాయాలి. పట్టీ పోల్చుకున్నదానితో సరిపోతే మార్కు. ఎదుటివాళ్ల మనసు చదవడం వచ్చినవాళ్లకి తమ మనసు చదువుకోవడమూ వస్తుందని ఆవిడ నమ్మకం.

మార్కులన్నాక మనవాళ్లు ఊరుకుంటారా. ఏడాది తిరక్కుండా సందుకొక మనసు కోచింగ్ సెంటరు వెలిసింది. జాలిలో స్టేట్ ఫస్ట్, సానుభూతిలో సెకండ్ అంటూ గోడల నిండా ఫొటోలు. తెల్లారకముందే పిల్లల్ని లేపి ముఖకవళికలు బట్టీ పట్టించే తల్లులు తయారయ్యారు. ఇంత చేసినా రాష్ట్రంలో ఏ బడికీ నూటికి నలభై దాటడం గగనమైపోయింది.

అలాంటి రోజుల్లో ఏలూరు కాలువగట్టు బడి ఫలితాలు వచ్చాయి. తరగతి మొత్తానికి నూటికి నూరు.

బోర్డు చైర్మన్ భూషణరావు ఫోన్ చేశాడు. "నూటికి నూరేంటండీ డాక్టరుగారూ, కన్నతల్లికి కూడా రావు. ఇది కాపీ అని తేలిందంటే మాత్రం మీ పట్టీలు అన్ని బళ్లలోనూ తీయించేస్తాను. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

వకుళ తిండీ నిద్రా మానుకుని పన్నెండేళ్లు చేసిన పని. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేసి చుట్టాల చేత మాటలు పడింది కూడా ఈ పట్టీ కోసమే.

మొదటినుంచీ ఆవిడతో పనిచేస్తున్న రఫీ పట్టీలన్నీ విప్పి చూశాడు. ఎక్కడా లోపం లేదు. చివరికి ఇద్దరూ కలిసి లెక్కలన్నీ చూసే యంత్రాన్ని అడిగారు. పిల్లలు దాన్ని పెద్దక్క అని పిలిచేవారు.

"పెద్దక్కా, ఈ తరగతిలో కాపీ జరిగిందా?" అంది వకుళ.

"పట్టీలు చెప్పింది నిజం. పిల్లలు రాసింది నిజం. మోసం ఉంటే ఎక్కడో ఒక అబద్ధం ఉండాలి కదా మేడం. నాకు ఒక్కటీ దొరకలేదు."

"మరి ఎలా సాధ్యం?"

"అది నాకు తెలియదు. పడవలో నేను ఉండను కదా."

మర్నాడు పొద్దున్నే వకుళ మామూలు నేతచీర కట్టుకుని బడి పడవెక్కి, వెనక బల్ల మీద కూర్చుంది. ముందు బల్ల మీద తరళ అనే అమ్మాయి, ఆమె జంట ఇమ్మానుయేలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నారు.

"ఒరేయ్ ఇమ్మూ, ఇయ్యాళ కోపం అని పెట్టెయ్యకు. కోపం కాదు. మా చెల్లి పుట్టిన కాణ్ణుంచీ ఇంట్లో నన్నెవరూ పట్టించుకోట్లేదు."

"అసూయ అంటారే దాన్ని."

"అసూయ కాదురా. అదంటే నాకు ఇష్టమే. ఎత్తుకుని తిప్పేది నేనే."

ఇమ్మానుయేలు కాసేపు నీళ్లలోకి చూశాడు. "అయితే వెలితి అని పెట్టనా?"

"ఆ, అదే. వెలితి అని పెట్టు. మరి నీదో?"

"భయం అని పెట్టెయ్. మా నాన్నకి రేపు ఆపరేషను."

తరళ గతుక్కుమంది. "ఇన్నాళ్లూ చెప్పలేదేంట్రా?"

"ఊరికే ఎలా చెప్తాం? ఇదంటే మార్కుల కోసం కదా."

తరళ తన టిఫిన్ డబ్బా తీసి సగం అతని చేతిలో పెట్టింది. పడవంతా అవే గుసగుసలు. ఇంట్లో బతిమాలినా పెదవి విప్పని పిల్లలు, దొంగతనంగా ఒకరి చెవిలో ఒకరు తమ గుండెలు గుమ్మరించేసుకుంటున్నారు. వకుళకి కళ్లు చెమర్చాయి, వెంటనే చైర్మన్ మాట గుర్తొచ్చింది.

రేవులో దిగగానే వాళ్లిద్దర్నీ ఆపి తానెవరో చెప్పింది.

"మమ్మల్ని డిబార్ చేస్తారా మేడం?" అంది తరళ, బిక్కచచ్చిపోయి.

"అందరూ ఇలాగే చేస్తారా?"

"చూసి కనిపెట్టడం మా వల్ల కాలేదండి" అన్నాడు ఇమ్మానుయేలు. " అందుకని ముందే చెప్పేసుకుంటున్నాం. అబద్ధం చెప్తే పట్టీ ఒప్పుకోదు కదండీ, నిజమే చెప్పుకోవాల్సొస్తంది."

వకుళ బోర్డు ముందు దాచలేదు. "కాపీ జరిగింది. తరగతి తరగతంతా చేసింది. అడక్కుండానే ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవాలని నేను యంత్రం చేశాను. వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను నేర్పాలనుకున్నది నాకు తెలియకుండానే నేర్చేసుకున్నారు. పట్టీలు తీయించకండి."

భూషణరావు గడ్డం నిమురుకున్నాడు. మనిషి కరుకే గాని, ఆయన ఇంట్లోనూ తొమ్మిదో తరగతి చదివే మనవరాలు ఉంది. "అయితే దొంగతనంగా ఎందుకండీ? దర్జాగా చెప్పుకోమందాం. దానికో పీరియడ్ పెట్టేద్దాం" అన్నాడు.

బోర్డు వెంటనే ఒప్పుకుంది. అన్ని బళ్లలోనూ మధ్యాహ్నం భోజనాల తర్వాత భావ వినిమయ పీరియడ్ మొదలైంది. పాఠ్యపుస్తకం వచ్చింది, హాజరుపట్టీ వచ్చింది, జంటల మధ్య తిరగడానికో టీచరు వచ్చింది. నెల తిరిగేసరికి ఏలూరు మార్కులు నూరునుంచి పన్నెండుకి పడిపోయాయి.

వకుళ పరుగున తరళ ఇంటికి వెళ్లింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదు" అంది తరళ. ఆనక కాస్త మెత్తబడి, "పీరియడ్ పెట్టి చెప్పమంటే ఏం చెప్తామండీ? టీచరు పక్కనే నించుని, ఊఁ చెప్పండి చెప్పండి అంటుంటే ఉన్నది కూడా లోపలికి పోతంది" అంది.

వకుళకి మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగలేదు. మనిషి తీరు తెలిసే యంత్రం తయారుచేసింది గాని, తాను చదువుకునే రోజుల్లో ఏ పని ఇష్టంగా చేసిందో మరిచిపోయింది. వద్దన్నవే కదా అన్నీ. ఆ సాయంత్రమే ఆ మాట భూషణరావు చెవిన వేసింది.

మర్నాడే బోర్డు కొత్త ఉత్తర్వు విడుదల చేసింది. భావ వినిమయ పీరియడ్ రద్దు. జంటలో ఒకరి మనసులో మాట మరొకరికి ముందుగా చెప్పడం కాపీ కిందికి వస్తుంది. దొరికితే కఠిన చర్య. పడవల్లో ఫ్లయింగ్ స్క్వాడ్లు తిరుగుతాయి. కింద భూషణరావు సంతకం. స్క్వాడ్లకి మాత్రం ఆయన నోటిమాటగా ఇంకొకటి చెప్పి పంపాడు: కళ్లు నీళ్ల మీద ఉంచండి, వెనక్కి తిరిగే ముందు గట్టిగా దగ్గండి.

ఏలూరు కాలువకి స్క్వాడ్‌గా వకుళ, రఫీ వెళ్లారు. నియమం ప్రకారం స్క్వాడ్ కూడా ఒక జంటే, ఇద్దరి చేతులకీ పట్టీలున్నాయి, గంట మోగితే వాళ్లూ రాయాలి. పడవ కదిలిందో లేదో వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఇమ్మానుయేలు వాళ్ల నాన్న కోలుకుని ఇంటికి వచ్చాడట. ఎవరికో పాటల పోటీ అంటే దడగా ఉందట. ఇంకెవరికో స్నేహితురాలి మీద అలక. వకుళ ముందుకే చూస్తూ కూర్చుంది. అంత హాయిగా కూర్చుని చాలా ఏళ్లయింది.

రఫీ ఒకసారి దగ్గాడు. కాసేపు ఆగి ఆమె వైపు వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు. "మేడం, మన జంట గంట మోగితే నాకు సంతోషం అని రాసేస్తారేమో. కాదండి. ప్రతి సభలోనూ నా మనసుపట్టీ, నా మనసుపట్టీ అంటారు మీరు. పన్నెండేళ్లనుంచీ వింటున్నాను. అప్పుడు నాకు కలిగేదాన్ని ఏమంటారో తెలీదు."

ఆవిడ ఇన్నేళ్లలో ఈ మనిషి ముఖం ఎన్ని వేలసార్లు చూసి ఉంటుంది. ఒక్కసారీ కనిపెట్టలేదు, ఒక్కసారీ అడగలేదు.

"చిన్నబోవడం అంటారు రఫీగారూ" అంది వకుళ. "తప్పు నాదే."

"అదేనండి" అన్నాడు రఫీ తేలిగ్గా ఊపిరి వదిలి. "మరి మీదేం రాయను?"

వకుళ ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగి చెప్పడం మొదలుపెట్టింది.