హండ్రెడ్ పర్సెంట్ సాక్షి

"నా పెనిమిటి దొంగ కాదండీ," అంటూ ఆనందమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. గూడూరు నుంచి వానలో వచ్చిందేమో, చీర కుచ్చెళ్ల నిండా బురద.

బందరు కోనేరు సెంటర్లో అది ప్రైవేటు డిటెక్టివ్ గోవర్ధనరావు ఆఫీసు. ఆయన కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు, నిలబడే చెప్పింది. భర్త మత్తయి ఇక్కడి హైస్కూల్లో సైన్సు గది అటెండరు. శనివారం సాయంత్రం బీరువాలోని మైక్రోస్కోపు మాయమైంది. మత్తయి పట్టుకుపోతుంటే చూశానని ఇంగ్లీషు మాస్టారు ఉమామహేశ్వరరావు హెడ్‌మాస్టరుకు చెప్పారు. రేపటిలోగా వస్తువు తేకపోతే ఉద్యోగం తీసేసి పోలీసులకు అప్పగిస్తారట.

అసిస్టెంటు తాతారావు నోరు ఊరుకోలేదు. ఆ మాస్టారి దగ్గరే చదివాడు, ఆయన ఇంగ్లీషంటే చెవి కోసుకుంటాడు.

"మాస్టారే చూశారంటే ఇంక డౌటేముందమ్మా? డెఫినిట్‌గా మీ ఆయనే!"

ఆనందమ్మ ముఖం పాలిపోయింది. గోవర్ధనరావు గొడుగు అందుకున్నాడు.

స్కూలు వరండాలో అటెండరు ఖాకీ చొక్కాతో కూర్చున్న మత్తయి వాళ్లను చూసి లేవబోయాడు. ఎడమది బోదకాలు. గోడ పట్టుకుని లేచేసరికి చాలాసేపు పట్టింది. బీరువా తాళం చెక్కుచెదరలేదు.

"తాళంచెవులు రెండండీ. ఒకటి నా దగ్గర, ఒకటి సైన్సు మాస్టారు జగన్మోహనరావు గారి దగ్గర," అన్నాడు మత్తయి.

జగన్మోహనరావు కుర్రవాడు. బుధవారం, శనివారం ఎన్.సి.సి. డ్రిల్లు కూడా ఆయనదే. ఆ రోజు బుధవారం కావడంతో ఖాకీ చొక్కాతోనే వచ్చి, "పాపం, మంచివాడే అనుకున్నానండీ," అన్నాడు.

తర్వాత ఉమామహేశ్వరరావు వంతు వచ్చింది.

"చూసింది చూసినట్టు చెప్పండి మాస్టారూ."

"వాన పడుతోందండీ. ఖాకీ చొక్కా. తలమీంచి గోనెసంచి కప్పుకున్నాడు. చంకలో మూట. వెనకగేటు పక్క మురుగుకాలవ ఒక్క గెంతులో దాటి వెళ్లిపోయాడు."

"ముఖం?"

"అబ్సల్యూట్లీ మత్తయి! హండ్రెడ్ పర్సెంట్! వితౌట్ ఎ షాడో ఆఫ్ డౌట్!"

ఆ ఇంగ్లీషుకు తాతారావు మురిసిపోయాడు. గోవర్ధనరావు మాత్రం వానలోకి వెళ్లి కాలవ వెడల్పు కొలిచాడు. అయిదడుగులు.

సాయంత్రం హెడ్‌మాస్టరు గదిలో అందరూ చేరారు.

"మాస్టారు కళ్లారా చూసిందంతా తెలుగులో చెప్పారు," అన్నాడు గోవర్ధనరావు. "ముఖం దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు అందుకున్నారు. మనకదో అలవాటండీ. గోడ వాలితే వాసం ఆనించినట్టు, మాటకి బలం చాలకపోతే ఇంగ్లీషు ఆనిస్తాం. ఇక విన్నవాళ్లు మారు ప్రశ్న వెయ్యరు. ఆ కాలితో మత్తయి అయిదడుగుల కాలవ ఎలా గెంతాడని ఇక్కడ ఒక్కరైనా అడిగారా? ఖాకీ చొక్కా, తాళంచెవి, గెంతగల కాళ్లు, మూడూ ఉన్నది ఒక్కరికే."

జగన్మోహనరావు తల దించుకున్నాడు. "చెయ్యిజారి అద్దం పగిలిందండీ. స్కూలు తనిఖీ వచ్చేలోపల బెజవాడలో బాగుచేయించి పెట్టేద్దామనుకున్నాను. మాస్టారు అంత గట్టిగా మత్తయి పేరు చెప్పాక, నోరు మూసుకున్నాను."

"ఖాకీ చొక్కా అంటే మత్తయే అనుకున్నాను," అన్నారు ఉమామహేశ్వరరావు. "ఒకసారి అనేశాక వెనక్కి తీసుకోవడానికి నామోషీ అయింది."

తాతారావు సిగ్గుతో చచ్చిపోయాడు. మాస్టారు కనీసం ఒక చొక్కా అయినా చూశారు. తను ఏం చూశాడని ఒక ఇల్లాలి ముఖం మీదే ఆ మాట అనేశాడు? "తప్పయిపోయిందమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

మాస్టారు లేచి నిలబడ్డారు. "మత్తయీ, ఐయామ్ వెరీ..." అని ఆగిపోయారు.

"నాలుగు రోజులుగా మా గడప ఎవరూ తొక్కట్లేదండీ," అంది ఆనందమ్మ. "ఆదివారం ప్రార్థనకి మా ఊరొచ్చి అందరి ముందూ ఒక్క మాట చెప్పండి. ఈయన మంచోడని చెప్పక్కర్లేదు. మీరు చూడలేదని చెప్పండి, చాలు."

"నేను చూడలేదమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాట పక్కనున్న తాతారావుకే సరిగ్గా వినపడలేదు.

"అలా కాదండీ," అంది ఆనందమ్మ. "హెడ్‌మాస్టరు గారికి చెప్పినంత గట్టిగా చెప్పాలి."