తెర మీద కిందటేటి దగ్గు

"మీ మామగారు రేపు సాయంత్రం దాకా బతికుండాలి," అన్నాడు చీఫ్.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీ ఇంటి విషయం."

గూఢచారి డిపార్ట్‌మెంటులో అందరూ బేరగాడు అని పిలిచే ఏజెంటు నవ్వలేదు. గుండె ఆపరేషన్లకు వాడే కాథెటర్లనే సన్నటి గొట్టాలు అమ్మే డీలర్‌గా పదకొండేళ్లు నటించి, చివరికి నిజంగానే డీలర్ అయిపోయినవాడు అతను. ఏది చేతికొచ్చినా, ఇది ఎవరికి ఎంత అవసరం అన్నదే మొదట తోచేది.

మామగారు రహస్య లిపుల నిపుణుడు. విదేశీ ముఠా కోడ్‌ను విప్పే తాళంచెవి ఆయన తలలో తప్ప ఎక్కడా లేదు. ముఠా ఆఖరి సందేశం రేపు సాయంత్రం వస్తుంది. ఈలోగా ఆయన గుండె మళ్లీ లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. కిందటేడు ఒకసారి సరిచేశారు, తిరగబెట్టింది. ఇవాళే మళ్లీ చేయాలంది డాక్టరమ్మ.

"వాళ్లు ఆపరేషన్ గదిలోనే పని ముగిస్తారు. ఎలాగో తెలీదు," అన్నాడు చీఫ్, ఒక పెన్ను అందిస్తూ. "విషం దగ్గరికొస్తే ఇది వణుకుతుంది. లోపల నీ నెమలి ఎలాగూ ఉంది."

నెమలి అంటే ముఠాలో ఉంటూ వీళ్లకి పనిచేసే డబుల్ ఏజెంట్. గుండె మ్యాపింగ్ కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజినీరు. ఆమె నడిచి వెళితే కారిడార్‌లో సగం మంది మాట మరిచిపోతారు. రెండేళ్లలో ముఠా మనుషులు ఆరుగురిని పట్టించింది. మూడు నెలల కింద ఒక్క కోరిక కోరింది.

"మావాళ్లకి నా మీద అనుమానం వచ్చింది. మీ మామగారిది ఏదైనా ఒకటివ్వు. పనికిరానిదే ఇవ్వు."

కిందటేటి ఆపరేషన్ రికార్డింగ్ ఇచ్చాడు. ముసలాయన గుండె బొమ్మతో ఎవరేం చేసుకుంటారు? బదులుగా ముఠా మనుషుల పేర్లు రెండు వచ్చాయి. మంచి బేరం అనుకున్నాడు. చీఫ్‌కి చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచీ మామగారి ఎదురుగా కూర్చుని భోజనం చేయలేకపోతున్నాడు.

ఆపరేషన్ గది బయట భార్య అతని చొక్కా కాలరు సర్దింది.

"లోపల మీరుంటారుగా. నాకేం భయం లేదు."

అతను ఆమె కళ్లలోకి చూడలేక, ఎక్స్‌రే తగలకుండా కాపాడే సీసపు ఏప్రన్ తగిలించుకుని లోపలికి వెళ్లాడు.

సెలైన్ సీసాలు, సిరంజిలు, ఆక్సిజన్ గొట్టం, అన్నిటి దగ్గరా పెన్ను పెట్టి చూశాడు. వణకలేదు. మత్తు కొద్దిగానే ఇచ్చారు. మామగారు కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నారు. డాక్టరమ్మ తొడ దగ్గర రక్తనాళంలోంచి కాథెటర్‌ను గుండెదాకా నడిపింది. దాని మొన తాకిన చోటల్లా గుండెలోని కరెంటు ఎప్పుడు వచ్చిందో కంప్యూటర్ రంగుల్లో చూపిస్తుంది. ముందొచ్చిన చోటు ఎరుపు, ఆలస్యమైన చోటు ఊదా. తెర మీద గుండె పై గది తొక్కిసలాటలో జనంలా ఉంది. రంగులు అటూ ఇటూ పరుగెడుతున్నాయి.

"కరెంటు సుడి ఇక్కడ తిరుగుతోంది. ఇక్కడే కాల్చాలి," అంది డాక్టరమ్మ.

"ఎనర్జీ రెడీ," అంది నెమలి.

అప్పుడు తెర మీది బొమ్మ ఒక్కసారి అదిరి, సర్దుకుంది.

బేరగాడు తెర దగ్గరికి జరిగాడు. ఈ అదురు అతనికి తెలుసు. కిందటేడు తను చూస్తుండగానే సరిగ్గా ఇక్కడ మామగారు దగ్గారు. "దగ్గకండి సార్, బొమ్మ చెదురుతుంది," అని డాక్టరమ్మ మందలించింది కూడా.

ఇవాళ మామగారు దగ్గలేదు.

తెర మీద ఆడుతున్నది పాత గుండె. అసలు కాథెటర్ మొన ఎక్కడుందో నెమలికి తప్ప ఎవరికీ తెలీదు. కాల్చకూడని చోట కాలిస్తే ప్రాణం పోతుంది. ఆపరేషన్‌లో జరిగిన పొరపాటు అని రాసుకుంటారు.

డాక్టరమ్మ పాదం, కాల్చడానికి నొక్కే పెడల్ వైపు కదిలింది.

"డాక్టరుగారూ, ఆగండి. ఈ కాథెటర్ బ్యాచ్ నంబర్ తేడాగా ఉంది."

పాదం ఆగింది. నెమలి తల తిప్పకుండానే అంది. "నంబర్ నేను చూశాను, సరిగ్గానే ఉంది. ఇంకేమైనా చెప్పాలా, డీలర్‌గారూ?"

చెప్పడానికి ఒక్కటే ఉంది. అది చెబితే ఉద్యోగం పోతుంది, కాపురం కూడా పోవచ్చు. చెప్పకపోతే అవి రెండూ నిలుస్తాయి, మామగారు తప్ప.

పాదం పెడల్ మీద ఆనింది.

"ఆ బొమ్మ ఇవాళ్టిది కాదు. కిందటేటిది. నేనే ఆవిడకి ఇచ్చాను."

"ఏం మాట్లాడుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"ఇందాక బొమ్మ అదిరింది. ఆయన దగ్గారా? ఒక్క ఎక్స్‌రే తీయండి. అది ఈ కంప్యూటర్‌తో పనిలేని మెషిన్."

ఎక్స్‌రేలో చూస్తే కాథెటర్ మొన ఆ సుడి దరిదాపుల్లో కూడా లేదు. పై గది పక్కన చిన్న సంచిలాంటి మూలలో ఉంది. అక్కడ గోడ కాగితమంత పల్చన. కాలిస్తే చిల్లే. డాక్టరమ్మ పాము మీంచి తీసినట్టు పాదం తీసింది.

నెమలి లేచింది. చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన సూది. జేబులో పెన్ను ఇప్పుడు వణికింది. బేరగాడు సీసపు ఏప్రన్ విప్పి ఆమె చేతిమీదకి విసిరాడు. ఎక్స్‌రే దూరని సీసంలోంచి సూది కూడా దూరలేదు. తలుపు దగ్గర వార్డుబాయ్‌ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంటు మనుషులిద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు.

"ఆరుగురినిచ్చాను నీకు," అంది నెమలి, పోతూ పోతూ. "ఒక్క ముసలాయన్ని తీసుకోబోయాను. అయినా నేనే దుర్మార్గురాలినా?"

అతను కిందపడ్డ ఏప్రన్ తీసి మళ్లీ తగిలించుకున్నాడు.

పక్క గదిలోంచి వేరే మెషిన్, వేరే ఇంజినీరు వచ్చారు. కొత్త మ్యాప్ గీశారు. మూడు చోట్ల కాల్చారు. మానిటర్ మీద గజిబిజిగా పోతున్న గీత ఉన్నట్టుండి లయలో పడింది.

"అల్లుడూ," అన్నారు మామగారు, కళ్లు తెరవకుండానే. "నేను నిద్రపోలేదు."

బేరగాడు మంచం అంచు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది, మామయ్యా."

"దేనికిచ్చావు?"

"రెండు పేర్లకి."

"మంచి పేర్లేనా?"

"ఒకటి దొంగ పేరు."

"అయితే నిన్ను కూడా ముంచింది." ఆయన తల తలుపు వైపు తిప్పారు. "మీ చీఫ్ సంగతి తర్వాత. బయట నా కూతురుంది. ముందు దానికి చెప్పు."

"మీరు కోలుకున్నాక ఇద్దరం కలిసి..."

"నాకేం సంబంధం? నువ్వే వెళ్లు." మామగారు దుప్పటి గడ్డందాకా లాక్కున్నారు. "దాని కేకలు వినపడకుండా తలుపు మాత్రం గట్టిగా వేసుకుని వెళ్లు. ఇప్పుడే బాగుచేసిన గుండె ఇది."